ఎనిమిదో ప్రశ్నకు నేను చెప్పిన జవాబు

పద్నాలుగో తేదీ, గురువారం. పొద్దుటి నుంచీ ముసురు. శిక్షణ గదిలో కట్టుగుడ్డలు ఉతికి, బయట వాన కాబట్టి లోపలే తీగ కట్టి ఆరేశాను. మొత్తం ముప్పై ఆరు.

అయ్యలారా, అమ్మలారా, ఇది ఈ పొద్దున నా పుస్తకంలో రాసుకున్నది. మాట ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక అదే చదివాను. ఇరవై రెండేళ్లుగా రోజూ ఇలాగే మొదలుపెడుతున్నాను. తేదీ. వానో ఎండో. చేసిన పని. ఇంకోలా మొదలుపెట్టడం నాకు చేతకాదు.

అందరికీ నమస్కారం. మన సిస్టరమ్మ పోయి పది రోజులైంది. ఆమె చెల్లెలుగారు వచ్చారు, మరిదిగారు వచ్చారు. ఆసుపత్రి పెద్దసారు వచ్చారు. ఆమె దగ్గర నేర్చుకుని ఊరూరా కట్లు కడుతున్న నర్సులు, కాంపౌండర్లు, అంబులెన్సు వాళ్లు సెలవు పెట్టుకుని వచ్చారు. కుర్చీలు చాలక గోడ వెంట నిలబడ్డారు. ఇంతమంది వచ్చినందుకు సంతోషించాలి. కానీ నేను పొద్దుటి నుంచీ మీ మొహాలే చూస్తున్నాను. సంతోషం రావడం లేదు. అనుమానం వస్తోంది.

ఆ మూడో వరసలో ఒక అమ్మాయి కూర్చుంది. ఆమెకి ఇటు కుర్చీ ఖాళీ, అటు కుర్చీ ఖాళీ. గోడ వెంట కాళ్లు పీకుతున్నా నిలబడుతున్నారు గానీ ఆ రెండు కుర్చీల్లో ఒక్కరూ కూర్చోవడం లేదు. ఎందుకండీ? ఆ కుర్చీల్లో ముళ్లున్నాయా?

ఎందుకో మీకు తెలుసు, నాకూ తెలుసు. సిస్టరమ్మ తలకి దెబ్బ తగిలిన రోజు ఆమెను పరీక్ష చేసింది ఆ అమ్మాయి. చిన్న దెబ్బే అని ఇంటికి పంపింది ఆ అమ్మాయి. రేపు పది గంటలకు పెద్దసారు గదిలో ఆఖరి విచారణ. ఆ అమ్మాయి ఉద్యోగం ఉంటుందో పోతుందో, మళ్లీ ఎక్కడైనా సూది పట్టనిస్తారో లేదో, రేపు తేలుతుంది. ఆ అమ్మాయి ఏదో దాస్తోందని అందరూ అంటున్నారు.

ఈ హాల్లో ఒక మనిషి దాస్తున్న మాట నిజం. ఎవరో నాకు తెలుసు. గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఈ మాట అనగానే ముగ్గురు సర్దుకుని కూర్చున్నారు. చూశాను. వాళ్లెవరూ కాదు. ఆ మనిషి సంగతి చివర్లో చెప్తాను. రెండు నిమిషాల్లో ముగించమని పెద్దసారు నా చెవిలో చెప్పారు. క్షమించండి సారూ, ఈరోజు కొంచెం ఎక్కువవుతుంది.

నేనెవరో తెలియని వాళ్లకి ఒక మాట. నన్ను రోగి అంటారు. పేరు వేరే ఉంది గానీ అది జీతం కాగితంలో తప్ప ఎక్కడా వాడరు. సిస్టరమ్మ గుమ్మంలోంచే "ఏమయ్యా రోగీ, వచ్చావా?" అని కేకేసేవారు. మా ఆవిడ మొదట్లో ఒకసారి వచ్చి పోట్లాడింది కూడా. "నిక్షేపంలాంటి మనిషిని పట్టుకుని రోగి రోగి అంటారేంటమ్మా, నోరు మంచిదైతే ఊరు మంచిది కదా" అంది. సిస్టరమ్మ నవ్వి, "మీ ఆయన జబ్బు పడితే మూడొందల మంది నేర్చుకుంటారమ్మా, ఆరోగ్యంగా ఉంటే నువ్వొక్కదానివే సుఖపడతావు" అన్నారు.

నా పని అది. చిన్న దెబ్బలు ఎలా చూడాలో, ఎలా కట్టాలో, ఏది మన చేతిలో ఉంచుకోవాలో, ఏది పెద్ద డాక్టరు దగ్గరికి పంపాలో నేర్పే గది మాది. నేర్చుకునేవాళ్లకి చూడటానికి ఒక రోగి కావాలి. ఆ ఉత్తుత్తి రోగిని నేను. ఇరవై రెండేళ్లలో నాకు విరగని ఎముక లేదు. సైకిల్ మీంచి పడ్డాను, నిచ్చెన మీంచి పడ్డాను, వేడి నూనె ఒలకబోసుకున్నాను, కుక్క చేత కరిపించుకున్నాను. సాయంత్రానికి బాగైపోయి, నాకు కట్టిన కట్లు నేనే విప్పుకుని, ఉతికి, ఆరేసి, చుట్టి, బీరువాలో పెట్టాను.

ఆమె నన్నెలా చేరదీశారో చెప్తాను.

అప్పట్లో నేను కిటికీలకి అద్దాలు బిగించేవాణ్ణి. ఒకరోజు గాజుపెంకు ఈ కుడిచేతి చూపుడువేలి మొదట్లో గుచ్చుకుంది. బియ్యపుగింజంత గాటు. వీధి చివర కాంపౌండరు రెండు కుట్లు వేసి, "పోవయ్యా, నాలుగు రోజుల్లో మానిపోతుంది" అన్నాడు. మర్నాడు మీ శిక్షణ గదిలో కిటికీ అద్దం పగిలిందంటే వచ్చాను. సిస్టరమ్మ పాఠం చెప్తున్నారు. నేను స్టూలెక్కి కొలత తీసుకుంటున్నాను. పాఠం మధ్యలో ఆపి, నా చేతి వంక చూశారు. "మిగతా వేళ్లన్నీ తీరిగ్గా ముడుచుకుని ఉంటే, ఆ ఒక్కటీ సూటిగా ఎవర్ని చూపిస్తోందయ్యా?" అన్నారు.

ఎవర్నీ చూపించడం లేదమ్మా అన్నాను. నన్ను స్టూలు దింపారు. క్లాసంతా చుట్టూ చేరింది. "ఇది చిన్న గాయమా, పెద్ద గాయమా?" అని అడిగారు. చిన్నదే, చిన్నదే అన్నారు అందరూ. ఒకతను, "గోటితో పోయేదానికి గొడ్డలెందుకు సిస్టర్?" అని కూడా అన్నాడు. ఆమె అతన్ని కసురుకోలేదు. నా వేలి మధ్య కణుపు పట్టుకుని, "చివర వంచు" అన్నారు. వంచాను. అంటే, వంచానని అనుకున్నాను. వేలు కదలలేదు. నాది కాని వేలు నా చేతికి అతికించినట్టు అలాగే ఉంది.

లోపల నరంలాంటి తీగ ఒకటుంటుందట, వేలిని లాగేది. అది తెగిపోయింది. పైన రెండు కుట్లు పడ్డాయి, లోపల ఎవరూ చూడలేదు. అప్పుడు ఆమె అన్న మాట ఈ గదిలో సగం మందికి నోటికొచ్చు. "చిన్న గాయం అనేది చివర్లో పెట్టే పేరు. మొదట్లో పెట్టే పేరు కాదు. గోటితో పోతుందో లేదో చూశాక గోరు పెట్టండి."

ఆ వారంలోనే ఆపరేషన్ చేయించారు. వేలు దక్కింది గానీ బిగుసుకుపోయింది. వంచుతూ ఉండాలి అన్నారు. నేను నాలుగో తరగతి దాకే చదివాను. అప్పటికి అక్షరాలు కూడా మర్చిపోయాను. ఆమె ఒక పుస్తకం, పెన్సిలు ఇచ్చి, "రోజూ మూడు ముక్కలు రాయి. తేదీ రాయి. వానో ఎండో రాయి. ఒక పని చేసి అది రాయి. నీ వేలికి అదే మందు" అన్నారు. వేలు ఆరునెలల్లో బాగైంది. మందు మాత్రం నేను మానలేదు. సీసాల మీద చీటీలు చదివి, గోడ మీద పటాలు చదివి, నాకు నేనే మిగతాది నేర్చుకున్నాను. నా దగ్గర ఇప్పుడు ఇరవై రెండు పుస్తకాలున్నాయి. అవి లెక్కల పుస్తకాలని మా ఆవిడ అనుకుంటుంది. కావు, వేలి వ్యాయామం.

అద్దాల పని పోయింది. రోగి పని వచ్చింది.

ఆ పనికి ఆమె నాకు ఒకే ఒక్క నియమం పెట్టారు. అందరూ ఈ మాట గుర్తుపెట్టుకోండి, నేను మళ్లీ దీని దగ్గరికి వస్తాను. "అడిగితే నిజం చెప్పు. అడగనిది చెప్పకు." అంతే. సైకిల్ మీంచి పడిన రోగినైతే, ఎలా పడ్డావని అడిగితేనే అరచెయ్యి ఆనించి పడ్డానని చెప్పాలి. బొటనవేలి మొదట్లో ఒక గుంట పడుతుంది, అక్కడ నొక్కితేనే అమ్మో అనాలి. నొక్కకపోతే నవ్వుతూ కూర్చోవాలి. ఒకసారి ఒక పెద్దమనిషి, పదిహేనేళ్ల అనుభవం ఉన్నవాడు, నా చెయ్యి అటూ ఇటూ తిప్పి, ఎక్స్‌రే కూడా చూసి, ఏమీ లేదు పొమ్మన్నాడు. ఆ గుంటలో మాత్రం నొక్కలేదు. నేను పోతున్నాను. సిస్టరమ్మ నన్ను గుమ్మం దాకా పోనిచ్చి, "అతను వెళ్లిపోతున్నాడు. విరిగిన ఎముకతో వెళ్లిపోతున్నాడు. మీ మొహం చూసి నమ్మి వెళ్లిపోతున్నాడు" అన్నారు. ఆ పెద్దమనిషి, బొమ్మలో కనపడలేదు కదా అన్నాడు. "కనపడలేదంటే లేదని కాదు బాబూ. కనపడలేదని" అన్నారు.

అనుమానం. ఆమె నేర్పిన చదువంతా అదే. వాపుని అనుమానించు. నవ్వుతున్న రోగిని అనుమానించు. అన్నిటికన్నా ముందు నీకు తోచిన మొదటి జవాబుని అనుమానించు.

అలాగని ఆమెకి మనుషులంటే లోకువ లేదు. ఒకసారి క్లాసు జరుగుతుండగా ఒకాయన భార్యని తీసుకొచ్చాడు, కాజువాలిటీలో రద్దీగా ఉందని మా గదికి పంపారు. ముంజేతి మీద వాచింది. మెట్ల మీద జారిందని ఆయనే చెప్తున్నాడు. ఆవిడ నేల చూస్తోంది. మెట్ల మీద జారినవాళ్లకి ముంజేతి బయటివైపు అలా కమిలిపోదు. తల కాచుకున్నవాళ్లకి కములుతుంది. క్లాసులో పదిమందికీ అర్థమైంది. ఆయన్ని కళ్లతోనే నమిలేస్తున్నారు. సిస్టరమ్మ మాత్రం ఆయనతో చాలా మర్యాదగా, "బాబూ, చీటీ కిటికీ దగ్గర కొంచెం ఆలస్యమవుతుంది, మీరే వెళ్లి రాయించుకు రండి" అని పంపి, తలుపు వేసి, ఆవిడ పక్కన కూర్చుని, "ఇంటికి వెళ్లాలంటే భయంగా ఉందా అమ్మా?" అని ఒక్క ప్రశ్న అడిగారు. ఆ ఒక్క ప్రశ్న ఆవిణ్ణి అప్పటిదాకా ఎవరూ అడగలేదట. తర్వాత ఆవిడకి ఏ సాయం దొరికిందో చెప్పడం నా పని కాదు. దొరికింది. ఆ సాయంత్రం సిస్టరమ్మ క్లాసుకి చెప్పింది మాత్రం నా పుస్తకంలో ఉంది. "అనుమానం వేరు, అవమానం వేరు. అనుమానం వస్తే అడగండి. అడగకుండా చూసే చూపు ఉంది చూశారూ, అది అవమానం."

మూడో వరసలో ఆ రెండు కుర్చీలు ఇంకా ఖాళీగానే ఉన్నాయి.

సరే. ఇప్పుడు నాలుగో తేదీ సంగతి. సోమవారం. ఆ పేజీ చదువుతాను. "ఎండ, సాయంత్రం మబ్బు. చీలమండ కట్టు పాఠానికి బీరువా సర్దాను."

సిస్టరమ్మకి ఒక అలవాటు ఉండేదని మీకు తెలుసు. చెప్పకుండా పరీక్ష పెట్టేవారు. ఒకరోజు కుంటుకుంటూ వస్తారు. ఒకరోజు పమిటకొంగుకి ఎర్రసిరా పూసుకొస్తారు. ఒకసారి బీరువా తలుపు అరచేత్తో ధడేల్మని కొట్టి, నుదురు పట్టుకుని కూలబడ్డారు. పిల్లలు కంగారు పడి నీళ్లు తేవడానికి పరిగెత్తితే, లేచి, "నీళ్లు సరే, ప్రశ్నలేవి?" అన్నారు. మాకందరికీ అలవాటైపోయింది. మా గదిలో దెబ్బ తగిలిందంటే ముందు నవ్వొచ్చేది.

ఆ రోజు ఆమె కింది అరలోంచి కట్టుగుడ్డ తీయడానికి వంగారు. పై తలుపు తెరిచి ఉంది. ఎవరు తెరిచారు? పది రోజులుగా ఆలోచిస్తున్నాను. నేనే కావచ్చు. లేచేటప్పుడు తల వెనక తగిలింది. చప్పుడైంది. స్టూలు మీద కూర్చుని, ఒక క్షణం కళ్లు మూసుకుని, నవ్వారు. "ఏమర్రా, చూస్తూ నిలబడ్డారేం? చీలమండ రేపు. ఈరోజు తల. ఎవరొస్తారు?" అన్నారు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. లేచింది ఆ అమ్మాయి.

ఆ అమ్మాయికి సిస్టరమ్మ పెట్టిన పేరు "ఇంకోసారి". దేనికైనా "ఇంకోసారి చూస్తానమ్మా" అంటుందని. అందరికన్నా ఆలస్యంగా ముగిస్తుంది. క్లాసులో పిల్లలు, "నువ్వు చూసేసరికి దెబ్బ దానంతటదే మానిపోతుందే" అని ఏడిపించేవాళ్లు. ఆ రోజు కూడా అంతే. తల తడిమి చూసింది. టార్చితో కళ్లు చూసింది. గీత మీద నడిపించింది. మా గోడ మీద తల దెబ్బకి ఎనిమిది ప్రశ్నలు రాసి ఉంటాయి. స్పృహ తప్పిందా, వాంతి అయిందా, రక్తం పల్చబడే మందులేమైనా వాడుతున్నారా, ఇలాంటివి. ఏడు అడిగింది. అన్నిటికీ సిస్టరమ్మ సరైన జవాబులే చెప్పారు. "ఇంకోసారమ్మా" అని ఏడూ మళ్లీ అడిగింది. క్లాసు ఘొల్లుమంది.

ఎనిమిదో ప్రశ్న ఇది. ఈ రాత్రికీ రేపటి పగటికీ మీతో ఎవరుంటారు?

సిస్టరమ్మ ఒంటరిగా ఉండేవారు. ఆమె చెయ్యెత్తి నా వైపు చూపించి, "మా తమ్ముడున్నాడుగా" అన్నారు.

అయ్యలారా, పాఠంలో రోగి వేరే ఎవరైనా అయితే నేను తమ్ముణ్ణి. ఇరవై రెండేళ్లుగా అదే నా రెండో వేషం. నా మాట కూడా ఒక్కటే. అదే అన్నాను. "నేనుంటానండీ, నేను చూసుకుంటాను." కొంచెం ఏడుపుగొంతు కూడా పెట్టాను. అందరూ నవ్వారు. ఆ అమ్మాయి నవ్వలేదు. కాగితం రాసి నా చేతికిచ్చి, వాంతైనా, తలనొప్పి పెరిగినా, మగతగా ఉన్నా, అడిగిందే మళ్లీ అడిగినా వెంటనే తీసుకురావాలని వేలు పెట్టి చూపించింది. "అర్థమైందా బాబాయ్, ఇంకోసారి చెప్పనా?" అంది. కింద సంతకం పెట్టాను. తమ్ముడు అని రాశాను.

క్లాసు అయ్యాక ఆ పిల్ల నా వెనకే వచ్చింది. "బాబాయ్, మీరు నిజంగా వెళ్తారుగా?" అని అడిగింది. "వెళ్తాలే తల్లీ, నీకు పదికి పది" అన్నాను. ఆ గదిలో పన్నెండు మంది ఉన్నారు. ఆ దెబ్బ నిజమని నమ్మింది ఆ అమ్మాయి ఒక్కతే.

ఆ కాగితం ఏం చేశాను? రోజూ ఏం చేస్తానో అదే చేశాను. ఉత్తుత్తి కాగితాల ఫైల్లో పెట్టి, బీరువాకి తాళం వేశాను.

సాయంత్రం వెళ్లేటప్పుడు సిస్టరమ్మ, "బీరువా తాళం వేశావా?" అని అడిగారు. వేశానమ్మా అన్నాను. చెప్పులు వేసుకుని, సంచి తీసుకుని, "బీరువా తాళం వేశావా?" అన్నారు. ఇది కూడా పరీక్షే అనుకున్నాను. నవ్వాను. అంబులెన్సు డ్రైవరు ఆమెని ఇంటి దగ్గర దించడానికి బండి తీశాడు. ఎక్కుతూ నా వంక చూసి, "ఇంటికేనా?" అన్నారు. ఇంటికేనమ్మా అన్నాను. "సరే. మబ్బేసింది, గొడుగు తీసుకెళ్లు" అన్నారు.

ఆమె ఆ మాట ఎందుకడిగారు? ఇల్లు అంటే ఎవరిల్లు? ఆమె ఇంటికా, మా ఇంటికా? రమ్మని అడిగారా, ఊరికే అడిగారా? అడగనిది చెప్పకు అని నాకు నేర్పిన మనిషి, తను అడగవలసింది అడగకుండా వెళ్లిపోయారా? పది రోజులుగా ఆ ఒక్క మాటని ఎక్స్‌రే పెట్టి చూస్తున్నాను. బొమ్మలో ఏమీ కనపడటం లేదు.

నాలుగో తేదీ పేజీలో చివరి వాక్యం ఇది. "అమ్మ బీరువా తాళం సంగతి రెండుసార్లు అడిగారు." అడిగిందే మళ్లీ అడిగితే వెంటనే తీసుకురమ్మని చెప్పిన కాగితం నా తాళం కిందే ఉంది. ఇటు నేనే రాశాను, అటు నేనే సంతకం పెట్టాను. రెండూ కలిపి చూడలేదు.

మర్నాడు క్లాసు టైముకి ఆమె రాలేదు. ఇరవై రెండు పుస్తకాల్లో ఆమె ఆలస్యంగా వచ్చినట్టు ఒక్కచోటా లేదు. డ్రైవరు వెళ్లి తలుపు తీయించాడు. తల లోపల నెమ్మదిగా రక్తం కారిందని, టైముకి ఎవరైనా కనిపెట్టి తీసుకొస్తే బతికేవారేమోనని డాక్టరు చెప్పారు.

ఆ రోజు నుంచి నేను అందర్నీ అనుమానించాను. ఏదీ దాచను. డ్రైవర్ని అనుమానించాను, దించేటప్పుడు ఆమె తూలారేమో, అతను చెప్పడం లేదేమోనని. చెల్లెలుగారూ, మిమ్మల్ని అనుమానించాను, ఆ సాయంత్రం ఫోనెందుకు చేయలేదని. పెద్దసారూ, మిమ్మల్నీ అనుమానించాను. ఆమె పోయిన నాలుగో రోజున మా గదిలో ఎవరో టేపు పట్టుకుని గోడలు కొలిచారు. ఎందుకు కొలిచారో ఈరోజుకీ నాకు తెలియదు. నా వేలు చూశారా, అది మళ్లీ సూటిగా నిలబడిపోయింది. అందర్నీ చూపించింది. ఒక్కర్ని తప్ప.

విచారణ మొదలైంది. పన్నెండు మందినీ పిలిచారు. డ్రైవర్ని పిలిచారు. కాజువాలిటీ రిజిస్టరు వెతికారు, కాగితం లేదు. "నేను రాశాను, తోడుండేవాళ్లకి ఇచ్చాను" అని ఆ అమ్మాయి చెప్పింది. మాకెవరూ ఇవ్వలేదన్నారు చెల్లెలుగారు. ఆమె చెప్పిందీ నిజమే. దాంతో ఆ అమ్మాయి అబద్ధాలకోరు అయిపోయింది. క్లాసులో మిగతావాళ్లకి గుర్తున్నది రోజూ పాఠంలో రాసే ఉత్తుత్తి కాగితమే, అసలు కాగితం రాయనే లేదన్నారు. ఆ పిల్ల నా పేరు చెప్పలేదు. నన్ను ఎవరూ పిలవలేదు. కట్లు ఉతికేవాణ్ణి ఎవరడుగుతారు?

అడగలేదు గనక నేను చెప్పలేదు. నియమం కదా. రాత్రీ పగలూ అదే చెప్పుకున్నాను. అడిగితే నిజం చెప్పు, అడగనిది చెప్పకు. ఎంత బాగా సరిపోయిందో చూడండి. ఇరవై రెండేళ్లు రోగులు ప్రాణాలతో ఉండటానికి పెట్టిన నియమాన్ని నేను దాక్కోవడానికి వాడుకున్నాను. అసలు సంగతి భయం. ఇంకా సిగ్గులేని మాట ఒకటి చెప్తాను. ఆ అమ్మాయి నా పేరు ఎందుకు చెప్పలేదా అని ఆ పిల్లనే అనుమానించాను. రేపటి విచారణలో బయటపెట్టడానికి దాచుకుందేమో అనుకున్నాను.

నిన్న మధ్యాహ్నం ఆ అమ్మాయి మా గదికి వచ్చింది. గుమ్మంలో నిలబడి అడిగింది. "బాబాయ్, ఆ రోజు మీరు వెళ్లారా?"

ఈ పది రోజుల్లో నన్ను ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి. అడిగితే నిజం చెప్పాలి. లేదమ్మా అన్నాను.

స్టూలు మీద కూర్చుంది. సిస్టరమ్మ ఆ రోజు కూర్చున్న స్టూలే. బీరువాలో చుట్టి పెట్టిన కట్ల వంక చూసింది. నా పేరు ఎందుకు చెప్పలేదమ్మా అని అడిగాను. "మిమ్మల్ని అడక్కుండా ఎలా చెప్తాను బాబాయ్? మీరు వెళ్లే ఉంటారనుకున్నాను" అంది. తర్వాత లేచి, గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి తిరిగి, "ఇంకోసారి అడగను బాబాయ్" అంది.

ఏడు ప్రశ్నలు రెండేసి సార్లు అడిగే పిల్ల. నన్ను మాత్రం ఇంకోసారి అడగనంది. నా మీద ఫిర్యాదూ చేయలేదు. ఈ పొద్దున వచ్చి, ఖాళీ కుర్చీల మధ్య కూర్చుంది.

ఈ హాల్లో దాస్తున్న మనిషి ఎవరో ఇప్పుడు మీకు తెలిసింది. ఇంతసేపూ మీ ముందే నిలబడి మాట్లాడుతున్నాడు.

ఇదిగోండి ఆ కాగితం. నాలుగో తేదీ, సోమవారం, మూడుంపావు. ఎనిమిది ప్రశ్నలూ ఉన్నాయి, ఎనిమిది జవాబులూ ఉన్నాయి. చూడాల్సిన గుర్తులు నాలుగూ ఉన్నాయి. కింద ఆ అమ్మాయి సంతకం, దాని కింద నాది. సారూ, మీ మీద గౌరవం ఉంది. కానీ ఒక్కరి చేతిలో పెట్టను. జిరాక్సులు మూడు తీయించాను. ఒకటి మీకు, ఒకటి చెల్లెలుగారికి, ఒకటి ఆ అమ్మాయికి. అసలు కాగితాన్ని రేపు పది గంటలకు నేనే తెచ్చి అందరి ముందూ బల్ల మీద పెడతాను. నన్ను పిలవకపోయినా వస్తాను. అడగకపోయినా చెప్తాను. ఆ నియమం ఈరోజుతో సరి.

చెల్లెలుగారూ, ఎనిమిదో ప్రశ్నకి నేను జవాబిచ్చాను. నేనుంటాను అన్నాను. లేను. క్షమించమని అడగను, అడిగే అర్హత లేదు. తెలియాలి గనక చెప్పాను. ఈ సంవత్సరం పుస్తకం కూడా మీ చేతుల్లో పెడుతున్నాను. మీ అక్కగారు ఆఖరి రోజు ఏమేం మాట్లాడారో అందులో ఉంది. మరి ఈరోజు పేజీ సగంలోనే ఉండిపోతుంది. "కట్లు ఆరాక" అని రాసి ఆపాను. ఆరాక ఏం చేశానో అందులో ఉండదు.

ఇక సిస్టరమ్మ కోసం మౌనం పాటించడానికి లేద్దాం. లేచేముందు ఒక్క మనవి. గోడ వెంట నిలబడ్డవాళ్లలో ఇద్దరు ఆ మూడో వరసలోకి వెళ్లండి. ఇటొకరు, అటొకరు. వెళ్లండమ్మా, దూరం లేదు.

మౌనం ఎంతసేపంటే, నిమిషం. సిస్టరమ్మ నిమిషం ఎలాంటిదో మీకు తెలుసు. నాడి పట్టుకుని అరనిమిషం లెక్కపెట్టి రెండింతలు రాసేవాళ్లంటే ఆమెకి పడదు. "మిగతా సగంలో ఏం జరిగిందో నీకెలా తెలుసు?" అనేవారు. అందుకని ఎవరి మణికట్టు మీద వాళ్లు రెండు వేళ్లు పెట్టుకోండి. పూర్తిగా లెక్కపెట్టండి. మధ్యలో కుర్చీ లాగొద్దు, గడియారం చూడొద్దు. గోడ మీది గడియారంలో సెకన్ల ముల్లు నేను చూస్తాను.

ముల్లు పన్నెండు దగ్గరికి వస్తోంది. లేవండి.